కరణం గ్రంథంలో ఒండ్రుమట్టి

వెనకటికి కుమ్మరి సోమక్క ఉన్న ఒక్క గాడిదనూ అమ్మి, కుండలు కాల్చుకునేందుకు చోటు కొనబోయింది.

కరణం భుజంగప్ప ఆమె చేతిలో తాటాకుల గ్రంథం పెట్టాడు. "కొత్తగా నేల కొనేవాళ్ల కోసం నేనే రాశాను. ముందు ఇది చదివించుకో. ఏటి పక్కనున్న నా స్థలానికి ఎంత వరదొచ్చినా చుక్క నీరు చేరదని ఇందులోనే ఉంది."

అమ్మేవాడే పాఠం చెబుతున్నాడేమిటని సోమక్కకు అనుమానం వచ్చింది. ఆకులు విప్పి వేలితో రుద్దింది.

"అయ్యా, దీన్నెక్కడ దాచారు?"

"ఆ స్థలంలోనే, కొట్టం అటక మీద. ఎందుకే?"

"నాకు అక్షరం రాదు గానీ మట్టి తెలుసు. ఆకుల మధ్య ఏటి ఒండ్రు ఎండిపోయి ఉంది. అటక మీది గ్రంథమే మునిగితే, నేల మీద నా కుండల గతేమిటయ్యా?"