పెద్ద కెరటమెక్కిన పలకమ్మ తల్లి

ఏరు సముద్రంలో కలిసే చోటును ఈ ప్రాంతంలో మొగ అంటారు. పలకమొగ గ్రామం అలాంటి మొగ ఒడ్డునే ఉంది. బస్సు దిగి సరుగుడు తోటల మధ్య పది నిమిషాలు నడిస్తే పలకమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. గర్భగుడిలో రాతి విగ్రహం లేదు. మనిషి నిలువు పొడవున్న పడవ పలక ఒకటి, ముక్కు కాస్త పైకి వంగి, ఒళ్లంతా పసుపు పూసుకుని ఇసుకలో నిలబడి ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు అమ్మవారు ఎక్కడని అడగడం, పూజారమ్మ నవ్వుతూ ఎదురుగా చూపించడం ఇక్కడ రోజూ జరిగేదే.

పూర్వం ఈ ఊరిని చిన్నమొగ అనేవారు. జాలర్లు దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద వేటకు వెళ్లే కాలమది. పోలయ్య అనే జాలరికి పక్క పాలెం నుంచి అసిరమ్మ భార్యగా వచ్చింది. పనిలో గానీ మాటలో గానీ వంక పెట్టడానికి లేని పిల్ల, ఒక్క సంగతిలో తప్ప. చిన్ననాటి నుంచీ ఆమెకు కెరటాలెక్కే పిచ్చి. పాత పడవ పలకను పొట్ట కింద పెట్టుకుని లోపలికి ఈదేది. కెరటం లేచే వేళకు పలక మీద నిలబడి, దాని వాలు మీదుగా ఒడ్డుదాకా జారి వచ్చేది. ఆ జారుడులో గుండె గొంతులోకి వచ్చేది. ఆ భయంలోంచే ఆపుకోలేని నవ్వు పుట్టేది. ఒకటెక్కితే ఇంకొకటి ఎక్కాలనిపించేది.

ఆ పలకను ఆమె అత్తవారింటికి కూడా తెచ్చుకుంది. అత్త నీలమ్మ సంగతి తెలిసి నెత్తీనోరూ బాదుకుంది. సముద్రమంటే గంగమ్మ తల్లి. తల్లి వీపు మీద కాళ్లు పెట్టి తైతక్కలాడే కోడలు ఏ ఇంటినైనా ముంచుతుందని ఆమె భయం. పలకను లాక్కుని ఉప్పుచేపల తొట్టికి మూతగా వేసింది. కొలిచి చేయించినట్టు సరిపోయిందని నాలుగిళ్లలో గొప్పగా చెప్పుకుంది కూడా. అయితే ఆమె చేపల గంప ఎత్తుకుని సంతకు వెళ్లిన రోజుల్లో మాత్రం ఆ తొట్టికి మూత ఉండేది కాదు.

చిన్నమొగ జాలర్లకు ఒక కట్టుబాటు ఉండేది. వేట ముగించి వచ్చేటప్పుడు ఒకదాని వెనక ఒకటి వరుసగా లేచే కెరటాల్లో అన్నిటికంటే పెద్దదాన్ని తల్లి కెరటమనేవారు. అది వస్తుంటే తెడ్లు ఒళ్లో పెట్టుకుని, చేతులు జోడించి, దాన్ని ముందుకు పోనిచ్చేవారు. వెనక వచ్చే పిల్ల కెరటం పట్టుకుని ఒడ్డు చేరేవారు. తాతల నాటి పద్ధతి కనుక దాన్ని తప్పుపట్టే అవసరం ఎవరికీ రాలేదు.

ఒక ఏడాది కార్తీకంలో ఏటికి వరద వచ్చి, మొగకు ఎదురుగా నీటి అడుగున కొత్త ఇసుకదిబ్బ వేసింది. ఆ వారంలో నీలమ్మ రెండుసార్లు సంతకు వెళ్లింది కాబట్టి, దిబ్బ సంగతి ఊరందరిలో అసిరమ్మ ఒక్కతెకే తెలిసింది. చెబితే ఎలా తెలిసిందని అడుగుతారు. అందుకని ఆమె నోరు మెదపలేదు.

వరదకు ఆగిన వేట ఆ వారం చివర మళ్లీ మొదలై, ఐదు తెప్పలు సముద్రంలోకి వెళ్లాయి. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను పుట్టింది. ఒడ్డున ఎండ కాస్తూనే ఉంది, కెరటాలు మాత్రం తాటిచెట్టు ఎత్తున లేచాయి. ముందు వచ్చిన తెప్ప అలవాటు ప్రకారం పెద్దదానికి దణ్ణం పెట్టి పిల్ల కెరటం పట్టింది. అది సరిగ్గా దిబ్బ మీదికి రాగానే కూలి, తెప్పను తలకిందులు చేసింది. దుంగలు ఊడిపోయాయి. ఒడ్డునున్నవారు మునిగి ముగ్గురినీ బయటికి లాగారు గానీ ఒకడి భుజం విరిగింది. మిగిలిన నాలుగు తెప్పలూ భయపడి లోపలే ఆగిపోయాయి. పోలయ్య, ఊరి పెద్ద కామయ్య వాటి మీదే ఉన్నారు. మరునాటికి వారి దగ్గర తాగే నీళ్లు అయిపోయాయి. నీటివాలు తెప్పలను ఉత్తరాన ఉన్న రాళ్ల వైపు ఈడుస్తోంది. పొద్దుగూకేలోగా రాకపోతే ఇక రారని ఒడ్డునున్న ముసలివాళ్లు తేల్చేశారు.

అసిరమ్మ వలల నీడన కూలబడింది. తాను ఒక్కమాట చెప్పి ఉంటే ఆ భుజం విరిగేది కాదు, మొగుడు అక్కడ దప్పికతో ఉండేవాడు కాదు. ఏడ్చి ఏడ్చి మిట్టమధ్యాహ్నం వేళ ఆమెకు కునుకు పట్టింది. కలలో తడి జుట్టు ముసలమ్మ ఒకతె వచ్చి పక్కన చతికిలబడింది.

"నా ఈపెక్కితే నాకు కోపమని నీకెవుడు సెప్పాడే గుంటా? బిడ్డనెత్తుకోని తల్లుంటాదా? ఎత్తుకుందామని నానొంగినప్పుడల్లా మీవోళ్లు దండాలెట్టుకుని కూకుంటారు. అలగైతే నానెలాగెత్తుకునేది?"

అసిరమ్మ ఉలిక్కిపడి లేచి ఇంటికి పరుగెత్తింది. తొట్టి మీది పలకను ఎత్తబోతే రెండో కొసను నీలమ్మ పట్టుకుంది. ఇక దాచి లాభం లేదని కోడలు దిబ్బ సంగతి, సంత రోజుల సంగతి, కల సంగతి అన్నీ చెప్పేసింది. చెంప పగులుతుందనుకుంది. నీలమ్మ మాత్రం సముద్రం వైపు ఒకసారి చూసి అడిగింది.

"నా కొడుకుని దాటించగలవేటే?"

"దాటిస్తానత్తా. పెద్ద కెరటమైతే దాని నీళ్లతోనే దిబ్బని ముంచేస్తాది. దాన్నెక్కితే దాటిపోతారు."

నీలమ్మ పలకను వదల్లేదు. తన కొసను తానే మోసుకుంటూ ఏటి దాకా వచ్చింది. గొంతు లోతు వరకు దిగి, కోడల్ని పలక మీద పడుకోబెట్టి, రెండు చేతులతో ముందుకు తోసింది.

మొగలో ఏటి నీరు బయటికి లాగుతుంది కనుక అసిరమ్మ తొందరగానే తెప్పలను చేరింది. కామయ్య ఆమె మాట వినలేదు. దప్పికతో చావనైనా చస్తాం గానీ తల్లి నెత్తికెక్కేది లేదన్నాడు. వాదించే సమయం లేక ఆమె వెనుదిరిగి పెద్ద కెరటం కోసం కాచుకుంది. మొదటిసారి ఒక్క క్షణం ఆలస్యమైంది. కెరటం ఆమెను మడిచి అడుక్కి తొక్కింది. పైకేదో కిందేదో తెలియక, ఊపిరి అందక, చచ్చాననే అనుకుంది. తేలేసరికి పలక పక్కనే ఉంది. దగ్గుతూ మళ్లీ ఎక్కింది.

రెండోసారి వచ్చింది ఇంకా పెద్దది. ఈసారి ముందుగానే చేతులతో గబగబా నీళ్లు తోసింది. పలక ముక్కు నేరుగా కిందికి దింపితే గుచ్చుకుంటుందని, ఏటవాలుగా మొగ వైపు తిప్పి లేచి నిలబడింది. వెనక నీటిగోడ కూలుతోంది, ముందు పలక జారిపోతోంది. అంత ఎత్తు కెరటాన్ని ఆమె ఎన్నడూ ఎక్కలేదు. మొగుడి ప్రాణం తన కాళ్ల కింద ఉందని తెలిసినా నవ్వు ఆగలేదు. దిబ్బను దాటి, ఒడ్డున నిలబడ్డ అత్త కాళ్ల దగ్గరకు వచ్చి ఆగింది.

అది చూసి పోలయ్య తెడ్డు అందుకున్నాడు. తరువాతి పెద్ద కెరటం మీద అతని తెప్ప దిబ్బ దాటింది. ఆ వెనకే మరో రెండు దాటాయి. అందరూ దాటడం చూసి ఇక తప్పక చివరిగా వచ్చిన కామయ్య పెద్దదాన్ని చూడగానే అలవాటు మానలేక కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. అతని వంతు తెడ్డు కూడా మిగతా ఇద్దరే వేయాల్సి వచ్చింది. ఆ తెప్ప దిబ్బ అంచును ఒరుసుకుంటూ, అదృష్టం బాగుండి బయటపడింది. ఆనాటి నుంచి అతన్ని ఆ సంగతి మీద ఏడిపించని వాడు ఊళ్లో లేడు.

ఆ సాయంత్రం అసిరమ్మ పలకను ఆరబెట్టడానికి ఇసుకలో నిలబెట్టింది. తెల్లవారి తీద్దామంటే రాలేదు. పదిమంది పట్టి లాగారని కొందరు, ఇరవైమందని నీలమ్మ వంశం వారు చెబుతారు. తల్లి అక్కడే ఉండదలచిందని అర్థమై ఊరంతా పందిరి వేశారు. చిన్నమొగ పలకమొగ అయింది, నీలమ్మ తొట్టికి వేరే మూత చేయించుకుంది.

ఏటా కార్తీకంలో అమ్మవారి పండగ జరుగుతుంది. ఆ రోజు ఊరి కోడళ్లు ముందుగా కెరటాలెక్కుతారు. పలకను నీళ్లలోకి తోసేది అత్తగారే కావాలి, అత్త లేకపోతే ఆ వరుస అయిన మరొకరు. వేటకు వెళ్లినవారు క్షేమంగా తిరిగి రావాలని, పెద్ద పనికి దిగేవారు భయం పోవాలని ఇక్కడ మొక్కుకుంటారు. మొక్కేవారు ఒక్క నియమం మరవకూడదు. ఈ గుడిలో ఎవరూ చేతులు జోడించరు. పలక ఎదుట ఇసుకలో బోర్లా పడుకుని, నీళ్లు తోస్తున్నట్టు రెండు చేతులూ ముందుకు ఆడించాలి. సిగ్గుపడి లేచి నిలబడి దణ్ణం పెట్టేవారిని పూజారమ్మ భుజం పట్టి మళ్లీ పడుకోబెడుతుంది. తల్లి ఎత్తుకోవడానికి వంగినప్పుడు బిడ్డ చేతులు చాచాలి కదా అంటుంది.