కెంచి ఇంటిపేరు

అనంతపురానికి పడమర, ఏరు నీళ్ళు తేవడం మానేసి ఇసుక మాత్రమే తెచ్చే చోట, కనుచూపు మేర ఇసుక దిబ్బలే. గాలి ఎటు వీస్తే దిబ్బ అటు జరుగుతుంది. అందుకని అక్కడి జీవాలు "మీదే ఊరు?" అని ఎవరినీ అడగవు. ఊరే కాలు నిలవక తిరుగుతుంటే ఏమని చెప్తారు పాపం? "మీ ఇంటిపేరేమి?" అని అడుగుతాయి. చెప్పగలిగితే నీడలో ఇంత చోటు, కబుర్లలో ఒక వాటా. చెప్పలేకపోతే ఎండలో నిలబడాల్సిందే.

ఆ దిబ్బల్లో ఒక రకం తేనెటీగలున్నాయి. పట్టు కట్టవు, గుంపుగా ఉండవు. ఒక్కొక్కటీ ఇసుకలో తన బొరియ తాను తవ్వుకుని, లోపల చిన్న చిన్న గదులు కట్టి, గదికో పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి తలుపు మూసేస్తుంది. పిల్ల ఆ ముద్ద తిని పెరిగి, వాన పడ్డప్పుడు బయటికొస్తుంది. వాటిలో సుంకమ్మ అనే ఈగ ఆ ఏడు తొలకరికి నాలుగు గదులు కట్టింది. రెండో వాన పడి, వెంపలి చెట్లు ఊదా రంగు పూలు పూసిన పొద్దున, మొదటి గది తలుపు పగిలింది. సుంకమ్మ ఆశగా తల వంచి చూసింది. లోపలి నుంచి వచ్చింది తనలా బూడిద రంగు నూగున్న బిడ్డ కాదు. ఒంటిమీద నూగు లేదు. ఒళ్ళంతా కుంకుమ పూసినట్టు ఎర్రగా, గట్టిగా, నున్నగా ఉంది.

"నా గదిలోంచి వచ్చింది నా బిడ్డ కాక ఇంకెవురిదైతాది?" అంది సుంకమ్మ అందరితో. ఎర్రగా ఉందని కెంచి అని పిలిచింది.

పిలిచింది కానీ పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? "కాళ్ళకు కుచ్చు ల్యాదు, పుప్పొడి దేంట్లో మోస్తాది? అది కందిరీగ, సుంకమ్మా," అన్నారు. కెంచి కందిరీగల దగ్గరికి పోయింది. అవి పైనించి కిందికి చూసి, "పురుగును పట్టుకొచ్చేకి చాతకాదు, నువ్వు మాదానివెట్లైతావు మే? పో, పో!" అని తరిమాయి.

అప్పటినుంచి కెంచికి ఒకటే ధ్యాస. ఎక్కడ రెక్కల చప్పుడు వినబడినా తల తిప్పేది. నాలాంటిదేమో! కాదు. మళ్ళీ ఇంకో చప్పుడు. అదీ కాదు. పూల మీద వాలితే తేనె తాగాలనిపించేది కాదు, పక్కన ఇంకో ఎర్ర రెక్క ఉంటే బాగుండుననిపించేది. తనలాంటి ముఖం ఒక్కటంటే ఒక్కటి చూస్తే చాలు, ఇంకేం అడగననుకునేది.

చివరికి చుక్కల తాబేలు దగ్గరికి పోయింది. దిబ్బల్లో ఎవరెవరో తేల్చేది ఆయనే. కొత్త జీవం వస్తే నిదానంగా చూసి, దాని గుర్తులు బిగ్గరగా చెప్పి, అందరిచేత మూడుసార్లు పలికించేవాడు. అప్పుడే ఇంటిపేరు ఖాయమైనట్టు.

"తాతా, నేనెవురు?"

"తొందరపడకు బిడ్డా. ఆ రాయెక్కు. మీసాలు చాపు." తాబేలు ఒక్కో కణుపూ చూశాడు. రెక్క చాపించి గీతలు చూశాడు. మెడ కింద ఒకే ఒక్క వెంట్రుక కనబడితే, ముక్కు ఆనించేంత దగ్గరగా పోయి చాలాసేపు చూశాడు. "కందిరీగ వెంట్రుక సూదిమాదిరి సాఫీగా ఉంటాది. నీది కొనాకు చీలి, చెట్టు కొమ్మ మాదిరుండాది. నువ్వు తేనెటీగవే!"

కెంచి రాయి మీదే ఒక గంతేసింది. "మరి మావోళ్ళేరీ?"

తాబేలు ముఖం కొంచెం దిగులుపడింది. "కాళ్ళకు కుచ్చు ల్యాదంటే, మీ ఆడోళ్ళు పుప్పొడి మోయరు. చర్మం ఇంత మందముందంటే, ఎవురో కరుస్తారని భయపడే చోటికి పోతారు. అంటే ఏమిరా... వేరేవాళ్ళ గది తలుపు మూసేలోపల దూరి, గుడ్డు పెట్టి వచ్చే రకం మీది."

"అయితే సుంకమ్మ..."

"నిన్ను కన్నది ఆమె కాదు తల్లీ. నువ్వు తిని పెరిగింది ఆమె బిడ్డ కోసం పెట్టిన ముద్ద."

"ఆమె బిడ్డ ఏమైనాది?"

తాబేలు మెడ లోపలికి లాక్కున్నాడు. కెంచికి అర్థమైంది. ఇంకా కళ్ళు తెరవనప్పుడు, ఆ చీకటి గదిలో తన దవడలు ఏం చేశాయో తెలిసింది.

"పేరన్నా పెట్టు తాతా," అంది.

"పెట్టలేనమ్మా. ఒక్కదాన్ని చూసి జాతి అనేస్తే ఎట్ల? పుట్టుకలో ఏదో తేడా వచ్చిన మామూలు ఈగవేమో. నీలాంటిది ఇంకొకటి ఉందని, నువ్వు కాక వేరే ఎవురన్నా చూసి చెప్పల్ల. అప్పుడు పెడతా." నెమ్మదిగా అన్నాడు, "రెక్కల అంచులు చినుగుతాండాయి బిడ్డా. నీకు ఇంకో ఎనిమిది పది దినాలే ఆయుస్సు. దొరికితే బాగుండు."

ఈ మాటలన్నీ రాతి పక్కనున్న తొండ విన్నాడు. తొండ సంగతి తెలుసు కదా, ఎవరేమన్నా తల ఊపుతాడు. ఊపుతూనే మింగుతాడు. కెంచి ఏడుస్తూ పోతుంటే వెంటబడ్డాడు.

"ఏం పాపా, ఆ ముసలాయప్పను నమ్ముకుంటే తెల్లారినట్టే! మీవోళ్ళు నాకు తెలుసు."

"నిజమా మామా?" కెంచి అక్కడే ఆగిపోయింది.

"నిజం కాక? నువ్వు పుట్టిన ఇంటి చుట్టుపక్కల ఇండ్లలోనే నిద్రపోతా ఉంటారు. ఇంకెక్కడుంటారు? ఆ ఇండ్లు యాడుండాయో చూపించు. నేను లేపుతా. అక్కలు, చెల్లెండ్లు, పెద్దమ్మలు, అందరూ ఒకేసారి లేస్తారు, చూసుకో."

అక్కలు, చెల్లెళ్ళు, పెద్దమ్మలు. ఆ మూడు మాటలకే కెంచి కరిగిపోయింది. తొండ నాలుకతో పెదాలు తడుపుకోవడం చూసింది కూడా. చూసీ చూడనట్టు ఊరుకుంది. మనకు కావలసిన మాట ఎవరన్నా చెప్తే వాళ్ళ నోటివైపు చూస్తామా ఏమిటి?

వెంపలి చెట్టు వెనక, ఎండ తగలని వాలులో బొరియలన్నీ చూపించింది. చూపించీ చూపించగానే తొండ మొదటి బొరియ ముందు బైఠాయించాడు. పుప్పొడితో ఇంటికొచ్చిన ఈగ ఒకటి తలుపు దగ్గర వాలింది. చటుక్కున నాలుక సాచాడు. ఈగ లేదు.

"మామా! మావోళ్ళను లేపుతానంటివే!"

"లేపుతా, లేపుతా," అని తల ఊపాడు తొండ, నములుతూ. "ఎవురు లేస్తే వాళ్ళను తింటా. ఎర్రదైతేమి, బూడిదదైతేమి?"

ఆ బొరియల్లో సుంకమ్మ ఉంది. ఇరవై ముప్పై మంది తల్లులున్నారు. మూసిన గదుల్లో పిల్లలున్నారు. ఆ పిల్లల్లో తనవాళ్ళు కూడా ఉండొచ్చు. ఇదంతా తన ఆశ వల్ల వచ్చిన అనర్థం. కెంచి ఇంక ఆలోచించలేదు. నేరుగా పోయి తొండ ముక్కు ముందు వాలింది.

తొండ కరిచాడు. పన్ను దిగలేదు. చర్మం అంత మందం మరి! కెంచి ముల్లు నాలుకలో దించింది. "థూ!" అని ఉమ్మేశాడు. కెంచి ఆ ఉమ్ముతోపాటే దొర్లి బొరియలో దూరింది.

లోపల బొరియకూ బొరియకూ మధ్య ఇసుక గోడ పలచన. పరాయి ఇళ్ళలో దూరడం పుట్టుకతోనే వచ్చిన విద్య. గోడ తొలుచుకుని పక్కింట్లోకి పాకి, "బయటికి రావద్దండి!" అని చెప్పి, ఆ ఇంటి వాకిట్లోంచి తల పెట్టింది.

"ఎవుర్రా అది, మా చెల్లెల్ని కొరికింది?" అని గద్దించింది.

తొండ ఉలిక్కిపడ్డాడు. ఇంకో ఎర్రది! అంతలో అది మాయమైంది. నాలుగో బొరియలోంచి ఇంకో ఎర్ర తల లేచింది. "అక్కా, నువ్వుండు. నేను చూసుకుంటా వీన్ని!" తొమ్మిదో దాంట్లోంచి బొంగురు గొంతు, "అందరూ లేచినారా? మీ పెద్దమ్మను నేనుండగా మీకేంటికి భయం?"

పెద్దమ్మ గొంతుతో ఆ మాట అంటున్నప్పుడు, తాను తొండను బెదిరిస్తున్నానన్న సంగతి కెంచి ఒక్క క్షణం మరిచిపోయింది. నిజంగా పెద్దమ్మ ఉండి ఉంటే ఇలాగే అనేది కదా అనిపించింది. ఏడుపొచ్చింది. అయినా ఆగలేదు. గోడలు తొలుస్తూ, రెక్కలు చింపుకుంటూ, చిన్నమ్మై, వదినై, జేజమ్మై, ఇంటింటి నుంచీ తల పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరెవరు కావాలని కలవరించిందో వాళ్ళందరూ తానే అయ్యింది.

తొండకు నాలుక వాచిపోయింది. ఇంకొక్కటి కూడా కరిచే ధైర్యం లేదు. తోకెత్తి పరిగెత్తాడు, నేరుగా తాబేలు దగ్గరికి.

"తాతా! ఆ వాలు నిండా ఎర్రవే! ముప్పైకి తక్కువ లేవు. ఈ కండ్లతో చూసినా. ఒట్టు!"

తాబేలు వాని నాలుక వాపు చూసి, "అట్లనా? పోయి నాలుక మీద బురద పెట్టుకో, పో," అని పంపించేశాడు. అప్పటికే కెంచి, వెనకాలే సుంకమ్మ, మిగతా ఈగలు వచ్చి నిలబడ్డారు.

"సాక్షి దొరికినాడు. ముప్పైమందిని చూసినాడంట," అన్నాడు తాబేలు కెంచి కళ్ళల్లోకి చూస్తూ. "ఇంటిపేరు పెట్టేదా?"

కెంచి ఊ అంటే చాలు. నీడలో చోటు. తన వెనక ఒక వంశం. పోయేలోపల ఒక పేరు.

"వద్దు తాతా," అంది. "ఆ ముప్పైమందీ నేనే. వానికి ఇండ్లు చూపించింది కూడా నేనే." సుంకమ్మవైపు తల ఎత్తలేకపోయింది. "నీ బిడ్డను తినింది కూడా నేనేనమ్మా."

సుంకమ్మ ముందుకొచ్చింది.

"తాతా, ఇది గోడలు తొలిచేటప్పుడు నువ్వు చూడల్ల దీని అవస్థ. నా మూడో గది గోడ కూలగొట్టింది. ఇది చూసుకోలేదు, నేను చూసినా. లోపల ఇంకొకటి నిద్రపోతాంది. ఎర్రగా, నున్నగా, దీని మాదిరే. నా రెండో బిడ్డ కూడా పోయినాది. కడుపు మండిపోతాంది. అయినా చూసినదాన్ని చూడలేదని చెప్పను."

తాబేలు కళ్ళు చెమర్చాయి. "పేరేమని పెడదాం?"

"సుంకమ్మోళ్ళు అనండి," అంది సుంకమ్మ. "నా ఇంట్లో పుట్టినోళ్ళకు ఇంకెవురి పేరు పెడతారు? రేపు ఎవురన్నా ఎర్రదాన్ని చూసి ఆ పేరు తలిస్తే, నా ఇద్దరు బిడ్డల్ని కూడా తలిచినట్టే. కానీ ఒగ మాట మే, కెంచీ. ఇంగ నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతా."

తాబేలు గుర్తులు బిగ్గరగా చెప్పాడు. ఎర్రని ఒళ్ళు, చీలిన వెంట్రుక, కుచ్చులేని కాళ్ళు, పరాయి గదిలో పుట్టుక. దిబ్బంతా మూడుసార్లు పలికింది.

"అమ్మా, ఒక్కసారి దాని ముఖం చూడనిస్తావా?" అని అడిగింది కెంచి.

సుంకమ్మ తన బొరియ దాకా తోడుకుపోయి పక్కకు జరిగింది. కెంచి లోపలికి పోయి, నిద్రపోతున్న ఆ ఎర్ర ముఖం దగ్గర కూర్చుంది. లేపితే చచ్చిపోతుంది. అది లేచేది వచ్చే వానకు, ఆ వాన ఎన్నేళ్ళకు వస్తుందో ఎవరికీ తెలియదు. "నువ్వు లేచినాక నీ ఇంటిపేరేమని ఎవురినీ అడుక్కోనక్కర్లేదు, చెల్లీ," అని చెప్పింది. సుంకమ్మ గోడ పూడ్చడానికి మట్టి తెచ్చేదాకా చూస్తూనే ఉంది.

తొండ మాత్రం ఇప్పటికీ ఆ వాలు ఛాయలకు పోడు. అక్కడ సుంకమ్మోళ్ళు ముప్పైమంది కాపలా ఉన్నారని, అందులో ఒక పెద్దమ్మ మహా గయ్యాళి అని, కనబడినవాళ్ళందరికీ తల ఊపి ఊపి చెప్తాడు.

ఈ కథలో నేర్చుకోవలసింది ఇంతే: మనమెవరమో మనం ఎంత చెప్పుకున్నా నిలవదు, మనవల్ల నష్టపోయినవాళ్ళు నిజం చెప్పిననాడు నిలుస్తుంది.