తెల్లమ్మ కక్కిన ఉండలు

నాగావళి కాలవ కింద పోలినాయుడి వరి పొలం. గట్టు మీద తుప్పల మధ్య పిడుగు పడి తల తెగిన తాటిమాను ఒకటి నిలబడి ఉండేది. దాని తొర్రలో తెల్లమ్మ అనే గుడ్లగూబ నాలుగు పిల్లలతో కాపురం ఉంటోంది. పిల్లలకింకా నూగు రాలలేదు, రెక్కలు రాలేదు.

అదే గట్టు కింద బొరియలో సింగన్న అనే ముసలి ఎలుక ఉండేవాడు. పొద్దు వాలగానే తెల్లమ్మ పొలం మీద చప్పుడు లేకుండా తిరిగేది. తిరిగినప్పుడల్లా సింగన్న సంతతిలో ఒకరు తగ్గేవారు. వరి పాలుపోసుకుంటోంది. ఇంకో పది రోజుల్లో గింజ గట్టిపడుతుంది. తెల్లమ్మ ఉన్నంతకాలం ఆ చేలో తన వాళ్లకి తిండి దక్కదని సింగన్నకి తెలుసు. ఆమెతో తలపడే సత్తా తనకి లేదు. అందుకని పగవాళ్లని పోగుచేశాడు.

ఆ వారంలోనే కళ్లంలో ఉండే పుల్లి అనే కోడికి మూడు పిల్లలు మాయమయ్యాయి. సింగన్న తాటిమాను కింద పడున్న బూడిదరంగు ఉండలు రెండు నోట కరుచుకెళ్లి ఆమె ముందు పెట్టాడు. గుడ్లగూబ వేటని గుటుక్కున మింగి, అరగని ఎముకల్ని ఇలా ఉండచేసి కక్కేస్తుందని చెప్పాడు.

"నీ పిల్లలు ఇందులో ఉన్నారక్కా" అన్నాడు మెల్లిగా.

పుల్లి ఆ ఉండల్ని ముట్టుకోలేకపోయింది. ఏడుస్తూ కాకుల పెద్ద నల్లన్న దగ్గరికి పోయింది. మిట్టమధ్యాహ్నానికి ముప్పై కాకులు తాటిమానుని చుట్టుముట్టాయి.

ఎండకి తెల్లమ్మ కళ్లు తెరవలేకపోతోంది. ఎగిరిపోతే తను బతుకుతుంది, పిల్లలు బతకవు. తొర్ర నోటికి తన ఒంటినే అడ్డం పెట్టి కూర్చుంది. కాకులు వంతులవారీగా వచ్చి పొడిచాయి. భుజం నుంచి నెత్తురు కారింది. లోపల పిల్లలు బుసకొడుతున్నాయి. ఈసారి అందరం ఒక్కసారే పడి పిల్లల్ని బయటికి లాగుదామని నల్లన్న చెప్పాడు.

గట్టు పక్కన మేస్తున్న గురవడు అనే ఎద్దు అప్పుడే తలెత్తాడు. నెమ్మదిగా వచ్చి తాటిమానుకి ఒళ్లానించి నిలబడ్డాడు. ఏం జరిగిందని అడిగాడు. పుల్లి చెప్పింది. సాక్ష్యం ఇదిగోనంటూ సింగన్న ఆ ఉండల్ని తెచ్చి ముందుకి దొర్లించాడు.

"విప్పి చూశావా అమ్మా?" అన్నాడు గురవడు.

"ఎలా చూడను మావా? నా కడుపున పుట్టినవాళ్లు."

"పిల్లలున్న తల్లిని చంపబోతున్నావు. ముందు చూడు."

కాకులు ఆగాయి. పుల్లి కాలు ఎత్తి ఒక ఉండని గీకింది. బూడిదరంగు బొచ్చు ఊడొచ్చింది. దాని కింద చిన్న పుర్రె. పుర్రెకి ముందు రెండు పొడుగాటి పసుపు పళ్లు. రెండోది గీకింది. అందులోనూ అవే పళ్లు. ముక్కు లేదు, ఈక లేదు.

పుల్లి తల తిప్పి సింగన్న నోటి వంక చూసింది. సింగన్న నోరు మూసుకున్నాడు. అన్ని ఉండలూ ఒకేలా ఉండవని గొణిగాడు. ఆమె గట్టు దిగి అతని బొరియ దగ్గర మన్ను గీకడం మొదలుపెట్టింది. రెండు జానలు తవ్వేసరికి మట్టిలో పసుపుపచ్చని నూగు, తన మూడో పిల్ల బుల్లి కాలు బయటపడ్డాయి.

పుల్లి పక్కకి జరిగి, నల్లన్నకి కనపడేలా చోటిచ్చింది.

సింగన్న పరుగు తీశాడు. కాకులు వెంటపడ్డాయి. సగం తోక పోగొట్టుకుని కాలవలో దూకాడు. నీటి ఉరవడికి కొట్టుకుపోయినవాడు ఆ గట్టుకి మళ్లీ రాలేదు.

నల్లన్న తప్పైపోయిందని తలదించుకున్నాడు. పుల్లి తాటిమాను కిందకి వచ్చి నిలబడింది.

"పొద్దు వాలేదాకా ఇక్కడే ఉండక్కా" అంది తెల్లమ్మ పైనుంచి. "నాకు చూపు ఆనడం లేదు. పిల్లలు భయపడ్డాయి."

పుల్లి మాను మొదట్లో రెక్కలు దించి కూర్చుంది.

ఎవరైనా సాక్ష్యం తెస్తే దాన్ని విప్పి చూడాలి, తెచ్చినవాణ్ణి ఇంకాస్త దగ్గరగా చూడాలి.