కోదండం అనే మాట

"ఈ అర్థం సరిపోతుందాండీ గురువుగారూ?" అంటూ నరహరి చీటీని పీట మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు. జోగయ్య పంతులుగారు పాతికేళ్లుగా ఒక నిఘంటువు కూరుస్తున్నారు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో నరహరే పెద్దవాడు, యాభై దాటినవాడు. "కోదండము: శ్రీరాముని విల్లు. పూర్వము వీధిబడులలో పిల్లలను దారిలో పెట్టుటకు వేసెడి చిన్నపాటి శిక్షకును ఇదే పేరు" అని ఉంది చీటీలో. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదు, వాళ్ల అదృష్టం. పాఠం అప్పజెప్పలేనివాడి చేతులు రెండూ కట్టి, దూలానికి వేసిన తాడుతో పైకి లాగి వేలాడదీస్తే అది కోదండం. కింద పల్లేరుకాయలు పరిచే ఘనులూ ఉండేవారు.

పంతులుగారు చీటీ చదివి తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. సందేహం వచ్చిన మాటకు పుస్తకం తీయడం ఆయనకు అలవాటు లేదు. నాగలి మాటకు రైతు దగ్గరికీ, మగ్గం మాటకు సాలెవాడి దగ్గరికీ శిష్యుల్ని తరిమేవారు. "మీ నాన్నగారి బడిలో చదివిన దర్జీ సింహాద్రి ఉన్నాడుగా, ఈ చీటీ అతనికి చదివి వినిపించి రా. సోమవారం కాగితాలు అచ్చుకు పోవాలి" అన్నారు.

నరహరి చీటీ తీసుకున్నాడు గానీ కాలు కదపలేదు. అతని తండ్రి కూర్మయ్య మేష్టారంటే చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు ఇవాళ్టికీ చేతులెత్తి మొక్కుతారు. ఆయన బెత్తం తగలబట్టే మనుషులమయ్యామని చెప్పుకునే ముసలివాళ్లకు లెక్కలేదు. సింహాద్రి మాత్రం ఏనాడూ అలా చెప్పుకోలేదు. అతను నోరు విప్పితే అచ్చులో బజారున పడేది తండ్రి పరువే. పోనీ అదొక్కటే అయితే నరహరి ఎలాగో దిగమింగుకునేవాడు. కూర్మయ్యగారి బడిలో ఒక ఆచారం ఉండేది. ఒకణ్ణి కోదండం ఎక్కించాక, కింద ఇంకొకడు ఎక్కం చదవాలి. ఎక్కం పూర్తయితే పైవాణ్ణి దించుతారు. మధ్యలో తప్పితే మళ్లీ మొదటినుంచీ చదవాలి. చదివే పని ఎప్పుడూ మేష్టారి కొడుకుదే. సింహాద్రిని ఎక్కించిన రోజున నరహరి పదమూడో ఎక్కం అందుకుని ఏడు దగ్గర తప్పాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే తప్పాడు. ఎన్నిసార్లు తప్పాడో తనకే గుర్తు లేదు. అప్పుడిద్దరికీ తొమ్మిదేళ్లు.

మూడు మైళ్ల దారి పొడుగునా ఏమని మొదలుపెట్టాలో అనుకుంటూ నడిచాడు. సింహాద్రి ఇంట్లో లేకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు, దాచడమెందుకు. దేవుడు అంత తేలిగ్గా కరుణిస్తాడా! సింహాద్రి అరుగు మీద మిషను ముందే కూర్చుని ఉన్నాడు.

"రాండి నరహరి బాబూ, కూకోండి" అని పీట చూపించి, కోడల్ని పిలిచి గోడ మేకుకున్న కత్తెర తీసిమ్మన్నాడు. మేకు ఎంతో ఎత్తున లేదు. సింహాద్రి కుడిచెయ్యి భుజం దాటి లేవదని నరహరికి అప్పుడు తెలిసింది. ఎలాగో చీటీ తీసి, చదివి, ఆ శిక్షకు రాముడి విల్లు పేరు ఎలా వచ్చిందో తెలియడం లేదని నసిగాడు.

సింహాద్రి మిషను ఆపాడు. "ఆ పేరెట్టిన పున్నేత్ముడెవడో గానీ బాబూ, ఆడెప్పుడూ దానికి ఏలాడ్నేదు" అన్నాడు. కళ్లు మూసుకుని, చిన్న గొంతుతో, బడిపిల్లల రాగంలోనే మొదలుపెట్టాడు. పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది దాకా వచ్చి ఆగాడు.

"తరవాతది సెప్పండి బాబూ."

వేల మాటలకు అర్థాలు రాసిన మనిషి, ఆ అరుగు మీద మళ్లీ ఏడు దగ్గరే ఆగిపోయాడు. లెక్క తెలియక కాదు. నాటి బడీ, తండ్రి చేతి బెత్తమూ, పైన మూలుగూ ఒక్కసారిగా మీద పడ్డాయి.

"తొంభై ఒకటి" అన్నాడు సింహాద్రి. "ఆ దినం పైనుండి నానే మీకు ఆ మాట అందిద్దారనుకున్నాను. నోరు పెగల్నేదు."

"నా మీద కోపం లేదా సింహాద్రీ?"

"ఎందుకుండదు! నాకు పెళ్లయ్యీదాకా ఉండీది. సెయ్యి సలిపినప్పుడల్లా మిమ్మల్నే తిట్టుకునీవోణ్ని." సింహాద్రి గుడ్డను సూది కిందికి సర్దాడు. "ఎంత తిట్టుకున్నా ఒకటి మర్సిపోనేకపోయినాను బాబూ. మేస్టారు మీ ఎనకాలే నిలబడినారు. మీ కాళ్లు వణుకుతన్నాయి. నాకు పైనుండి అగుపించింది."

నరహరి పై కండువా మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. సింహాద్రి అతన్ని ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. చొక్కా చెయ్యి కుట్టడం పూర్తిచేసుకున్నాడు.

పొద్దు వాలకముందే నరహరి తిరిగొచ్చి జరిగిందంతా పంతులుగారికి చెప్పాడు. మేకు సంగతీ, ఏడు దగ్గర తను ఆగిపోవడమూ, తన కాళ్ల సంగతీ, ఏదీ దాచలేదు. చీటీలో మాటల్ని కొట్టేశాడు గానీ, వాటి చోట ఏం రాయాలో తోచడం లేదు. నిజం రాస్తే ఊళ్లో తండ్రి పేరేమవుతుందోనని ఒక భయం, రాయకపోతే సింహాద్రి గుమ్మం ముందు నుంచి ఎలా నడవాలని ఇంకొక భయం. "నాలుగు రోజులు గడువివ్వండి గురువుగారూ. మనసు కుదుటపడ్డాక రాస్తాను" అని బతిమాలాడు.

పంతులుగారు కొత్త చీటీ తీసి, కలం సిరాలో ముంచి అతని చేతికిచ్చారు.

"కుదుటపడకముందే రాసెయ్యి నాయనా" అన్నారు. "పడ్డాక రాస్తే అది మళ్లీ మీ నాన్నగారు చెప్పే అర్థమే అవుతుంది."