వడ్డాణం వెనకవైపు

“గురువుగారూ, చేతకాని పనిని మనిషి ఎన్నాళ్ళకు వదిలెయ్యాలి?”

హైమ ఈ మాట ఇంటి దగ్గర కుంపటి ముందు అడగలేదు. లండన్‌లో ఒక మ్యూజియం మెట్ల మీద, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని అడిగింది. స్వర్ణకార సంఘంవాళ్ళు పద్నాలుగు మంది పాత నగలు చూసి రావాలని బయల్దేరితే, కొల్లోజు వీరభద్రాచారిగారు తన శిష్యురాలిని కూడా వెంటబెట్టుకొచ్చారు. ప్రయాణానికి వారం ముందే ఆమె ఒక వడ్డాణం బిళ్ళలు అతుకుతూ టంకం ఎక్కువ పోసి ముద్ద చేసింది. ఆచారిగారి తిట్లు మూడు వీధులకు వినిపించాయి. నాలుగో వీధివాళ్ళు తమదాకా రాలేదని నొచ్చుకున్నారు. ఆ సాయంత్రమే హైమ సెల్‌ఫోన్ల దుకాణంలో ఉద్యోగానికి ఒప్పేసుకుంది. తిరిగి వెళ్ళగానే చేరాలి. ఆ సంగతి గురువుగారికి ఇప్పుడే, ఈ మెట్ల మీదే చెప్పింది.

ఆయన సంచీ భుజానికి తగిలించుకున్నారు. “లోపల వెచ్చగా ఉంటుంది, పద,” అన్నారు.

లోపల సంఘం అధ్యక్షుడు చక్రపాణిగారు ప్రతి అద్దాల పెట్టె ముందూ ఆగి, “ఇలాంటిది మా తాతగారు చేశారు,” అంటున్నారు. ఎవరో రష్యా రాణి కిరీటం దగ్గరా అదే మాట. ఆ తాతగారు రాజమండ్రి దాటి ఎరగరని అందరికీ తెలుసు. కానీ ఫొటోలు బాగా వచ్చే ఫోను చక్రపాణిగారి దగ్గరే ఉంది కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

ఆచారిగారు కిరీటాల వంక చూడనైనా లేదు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని వదిలేసి ఆమె హారం కొక్కెం చూసి వచ్చే మనిషి ఆయన. తిన్నగా వెళ్ళి ఒక మూల పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు. అందులో తెలుగు దేశపు పాత వడ్డాణం ఒకటి చాపి ఉంది. దాని వెనకవైపు కనబడేలా కింద అద్దం పెట్టారు. ముసలాయనకు కళ్ళు తిరిగాయేమోనని కాపలా ఆవిడ పరుగున వచ్చి ఒక కుర్చీ వేసింది. ఆయన నమస్కారం పెట్టి, దాని మీద తన సంచీ కూర్చోబెట్టారు.

“ఇలా రా హైమా. ఈ మొదటి అతుకు చూడు.”

హైమ మోకాళ్ళ మీద వంగి అద్దంలోకి చూసింది. రెండు బిళ్ళల మధ్య టంకం కందిగింజంత లావున ముద్ద కట్టి ఉంది. ఆమెకు నవ్వాగలేదు.

“అయ్యో, నాకంటే ఘోరం!”

“గట్టిగా అనకు. చక్రపాణి వింటే అది కూడా వాళ్ళ తాతదే అంటాడు. ఆ పక్కది చూడు.”

పక్కది కాస్త నయం. ఆ తర్వాతది పెసరగింజంత. హైమ మోకాళ్ళ మీదే జరుగుతూ పోయింది. పదో బిళ్ళ దగ్గర అతుకు కోసం వెతికింది. మళ్ళీ వెతికింది. దొరకలేదు.

“గురువుగారూ, ఇదంతా ఒక్కరి పనేనా?” అని అడిగింది.

ఆచారిగారు పెట్టె అంచు పట్టుకుని మెల్లగా లేచారు.

“మొదటి అతుకు వేసిన రోజు వాడు ఎన్ని తిట్లు తిన్నాడో పాపం,” అన్నారు. “మర్నాడు కూడా వచ్చాడు చూశావా!”