బొద్దు కడుపులో సున్నపు బొట్లు

అనగనగా ఒక అడవిలో బొద్దు అనే గున్న ఏనుగు ఉండేది. బొద్దు కడుపులో ఇంకో అడవి ఉండేది. నవ్వకండి, నిజమే. మన కడుపులోనూ ఉంది. కంటికి కనిపించనంత చిన్న జీవులు కోట్లకొద్దీ అక్కడ కాపురం ఉంటాయి. బొద్దు వాటిని ఎలా తెచ్చుకుందో తెలుసా? వాళ్లమ్మ లద్దె తిని! ఏనుగు పిల్లలు అలాగే చేస్తాయి. ఛీ అనకండి మరి. ఆ జీవులు లేకపోతే దానికి గడ్డి అరగదు, వెదురాకు అరగదు.

ఆ కడుపు గోడకు కాపలావాళ్లు ఉండేవారు. అందరిలోకీ పెద్దది ఆనవాళ్ల అవ్వ. లోపలంతా చీకటి కదా, అందుకని గోడ దగ్గరికి వచ్చిన ప్రతి జీవినీ అవ్వ చేత్తో తడిమి చూసేది. మంచిదైతే "పోయిరా తల్లీ" అనేది. చెడ్డదైతే వీపు మీద ఒక సున్నపు బొట్టు పెట్టేది. బొట్టు పడితే చాలు, కాపలా నాయకుడు భగ్గడు మంట పట్టుకుని వచ్చేసేవాడు.

"బొట్టు నీది, మంట నాది అవ్వా. నేనేమీ అడగను" అనేవాడు.

అవ్వకు లోపల ఒకటే దిగులు. ఈమధ్య మరపు వస్తోంది. ఒకరోజు పక్కవాడి పేరు మనసులోంచి పోయింది. ఇంకోరోజు రోజూ నడిచే దారే పోయింది. "రేపు దొంగనే గుర్తుపట్టలేకపోతే నేనిక్కడ ఎందుకు?" అనుకునేది. ఆ మాట ఎవరికీ చెప్పేది కాదు.

ఒకరోజు పొద్దున బొద్దు మెలికలు తిరిగిపోయింది. "అమ్మా, కడుపులో ఎవరో గిల్లుతున్నారే!" అంది.

లోపల భగ్గడు పరుగున వచ్చాడు. "అవ్వా, గోడకు ఎవడో కన్నం పెట్టాడు! బొద్దు పాలు తాగే రోజుల్లోనూ ఒకడు ఇలాగే వచ్చాడు. నువ్వే పట్టావు. వాడి ఆనవాలేమిటి?"

అవ్వ ఆ ఆనవాలు తలుచుకోబోయింది. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. వాడికి తోక ఉండేదని మాత్రం లీలగా తోచింది. మర్చిపోయానని చెప్పడానికి నోరు రాలేదు.

"తోక! తోకున్నవాడే దొంగ" అంది గట్టిగా. గట్టిగా అంటే నిజమైపోతుందన్నట్టు.

మొదట పీచమ్మ దొరికింది. గడ్డిలోని పీచును మెత్తబరిచేది ఆమే. "అదేమిటవ్వా, నిన్నటిదాకా తల్లీ అన్నావు!" అంది.

"తోకుంది" అని అవ్వ బొట్టు పెట్టేసింది. భగ్గడు మంట పోశాడు.

మర్నాడు నూనెగాడు దొరికాడు. "గోడ ఎండిపోకుండా నూనె రాసేది నేనే కదవ్వా!" అని మొత్తుకున్నాడు. వాడికీ తోకుంది. వాడికీ బొట్టు పడింది. మళ్లీ మంట.

మంటకు మన గోడ, పరాయివాడు అని తేడా తెలుస్తుందా? గోడంతా ఎర్రగా వాచిపోయింది. మూడో రోజుకు బొద్దు లద్దెలో నెత్తురు పడింది. పాపం, కూలబడిపోయింది.

"ఒక్క వెదురు చిగురు తినవే బంగారూ. నా కోసం తినవే" అని వాళ్లమ్మ తొండంతో వీపు నిమురుతోంది. ఆ గొంతు లోపలున్న అవ్వకు వినిపించింది.

"ఇదిగో అవ్వా, ఇంకొకత్తె!" అని భగ్గడు కుదురమ్మను ఈడ్చుకొచ్చాడు. గోడ పక్కన కుదురుగా కూర్చుని దొంగలకు జాగా ఇవ్వనిది ఆమే.

కుదురమ్మ ఏడవలేదు. "పెట్టవ్వా బొట్టు. కానీ ఎప్పుడూ ముందు నా కాళ్లు తడిమేదానివి, తర్వాతే తోక. ఈసారి కాళ్ల జోలికే రాలేదేం?"

అవ్వ చేతిలోంచి సున్నం జారిపోయింది.

"మర్చిపోయానే తల్లీ. దొంగ ఎలా ఉంటాడో నాకు గుర్తులేదు. మొదటి రోజు నుంచీ గుర్తులేదు."

భగ్గడు నోరు తెరిచాడు. "ఆ మాట అప్పుడే చెబితే మంట ఆపేవాణ్ణి కదే! అందరం కలిసి వెతికేవాళ్లం!"

"తిట్టరా నాయనా, తిట్టు" అంది అవ్వ.

"తిట్లు తర్వాత. ముందు కన్నం దగ్గరికి పదండి" అంది కుదురమ్మ.

ముగ్గురూ వెళ్లారు. అవ్వ కన్నం అంచును మెల్లగా తడిమింది. లోపల సన్నటి గీరలున్నాయి. చేపకు వేసే గాలంతో గీకినట్టున్నాయి. అప్పుడు ఆమె మనసు కాదు, చెయ్యి గుర్తుపట్టింది.

"కొక్కేలు! వాడి కాళ్లకు కొక్కేలుంటాయి! తోకదేముంది, ఈదడానికి సగం మందికి ఉంటుంది. కొక్కేలు గోడలో దిగబడటానికి!"

పక్క ముడతలోనే దొంగ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. "పక్కవాళ్లందరినీ కాల్చి నాకు బోలెడు జాగా చేశావు. చల్లగా ఉండు ముసలీ!" అని నవ్వాడు.

అవ్వ వాడి కాళ్లు తడిమింది. వీపున ఒకే ఒక్క బొట్టు పెట్టింది. భగ్గడు ఈసారి చిటికెడు మంటే పోశాడు. దొంగ కొక్కేలు ఊడి, లద్దెతో పాటు బయటికి పోయాడు.

నాలుగు రోజులకు వాపు తగ్గింది. బొద్దు తూలుతూ లేచి మళ్లీ వాళ్లమ్మ లద్దె తింది. దాంతో పీచమ్మ చెల్లెళ్లు, నూనెగాడి తమ్ముళ్లు కొత్తగా కాపురానికి వచ్చారు. అవ్వ ప్రతి ఒక్కరి కాళ్లూ తడిమి, "మీవాళ్లకు అన్యాయం చేశాను, క్షమించండి" అని చెప్పుకుంది.

తర్వాత ఊడిపోయిన కొక్కెం ఒకటి తెచ్చి కాపలావాళ్లందరి చేతా పట్టించింది. "నేను మర్చిపోతాను. మీ చేతులు మర్చిపోకూడదు" అంది.

అప్పటి నుంచి భగ్గడు మంట తీసే ముందు రోజూ అడుగుతాడు. "అవ్వా, ముందు ఏం తడమాలి?"

ఒక్కోరోజు అవ్వకు గుర్తుంటుంది. గుర్తులేని రోజున నవ్వేసి, "మర్చిపోయాన్రా, నువ్వే చెప్పు" అంటుంది.

"కాళ్లు!" అని అందరూ ఒక్కసారే అరుస్తారు. బయట బొద్దుకు కడుపులో కితకితలు పుడతాయి.

నీతి: మర్చిపోతే మర్చిపోయానని చెప్పి పక్కవాళ్లను అడగాలి, ఒక్క పోలిక పట్టుకుని అందరినీ దొంగలనకూడదు.