వాగు దాటిన కంచె

ఎర్రకొండ అడవిలో తప్పు చేసినవాళ్లను మూసెయ్యడానికి సింహం బందెలదొడ్డి కట్టించిన ఎండాకాలం, లోపలున్నవి నాలుగే ప్రాణాలు. మూడు మేకలు, ఒక గేదె. గేదె నేరం ఏమిటంటే, సింహం కంటే ముందు వాగులో నీళ్లు తాగడం. దాని దూడ వాగు అవతలే ఒంటరిగా ఉండిపోయింది.

దొడ్డి పెత్తనం నక్కది. లోపలికొచ్చే ప్రతి ప్రాణీ వాకిట్లో నిలబడి తన నేరం పైకి చెప్పాలి, అది నక్క పెట్టిన ఆచారం. దొడ్డి నిండితే అడవి బాగుపడినట్టేనని సింహానికి నూరిపోసింది. ఇక చూడండి! ఎండుటాకు తొక్కి చప్పుడు చేసినందుకు కుందేలు. దారికి అడ్డం నిలబడ్డందుకు గాడిద. అది చూసి నవ్వినందుకు ఇంకో గాడిద. వానలు పడేసరికి నలభై, చలి ముదిరేసరికి నాలుగొందలు. ఆ పైన నక్కకే లెక్క రాలేదు.

"అక్కా, ఈ అడవిలో ఇంతమందిమి ఉన్నామా!" అంది ముసలి మేక, కొమ్ముల వరసలు చూసి నోరు తెరిచి. "బయటున్నన్నాళ్లూ కనిపించలేదే!"

"బయట ఎవరి మేత గొడవ వాళ్లది," అంది గేదె. "ఇందులో చిరుతపులి ఉందేమో చూసి చెప్పు."

"ఒక్కటీ లేదు. తోడేలూ లేదు. అందరం గడ్డి తినేవాళ్లమే."

"అయితే నేరాలన్నీ గడ్డిలోనే మొలుస్తున్నట్టున్నాయి."

దొడ్డి ఇరుకైనప్పుడల్లా కంచె జరపాలి. తుమ్మకంప లాగేది ఖైదీలు, నీడన కూర్చుని అరిచేది నక్క.

"ఒసేయ్ గేదే! ఈసారి ఎటు?"

"ఎగువన అంతా బండ, గుంజలు దిగవు దొరా. వాగువైపు నేల మెత్తన."

"సరే, అటే లాగండి. తొందరగా తెమల్చండి."

ప్రతిసారీ గేదె అదే మాట అంది. ప్రతిసారీ నక్క అలాగే అంది. కంచె వాగును చేరింది, ఒకనాడు వాగు దాటింది. దూడ పరుగున వచ్చి తల్లి మెడకింద తల దూర్చింది.

మళ్లీ ఎండలొచ్చాయి. కొండమీద రాతి దొనలో నీళ్లు ఇంకిపోతే సింహం కిందికి బయల్దేరి, సగం దారిలో ఆగిపోయింది. చూపు ఆనినంత మేరా కంచె. లోపల వాగు, పచ్చిక, వాటి మధ్య కొమ్ములు, చెవులు, వీపులు, కదిలే ఇంకో అడవిలా.

"ఇదంతా... దొడ్డేనా?"

"తమ దొడ్డే ప్రభూ," అంది ఎదురొచ్చిన నక్క.

"మరి బయట ఎవరున్నారు?"

నక్క అటూ ఇటూ చూసింది. "తమరూ, నేనూ. చిరుతలూ తోడేళ్లూ వేట లేక పక్క అడవికి పోయాయి."

సింహం కిందికి దిగి కంచె దూకబోయింది. వందల తలలు ఒక్కసారి వంగాయి. కొమ్ములన్నీ దానివైపే. ఎత్తిన కాలు మెల్లగా దించుకుంది.

"వాకిలి ఇటుంది ప్రభూ," అంది గేదె. "ఆచారం తెలుసుగా. నేరం చెప్పి రావాలి."

సింహం నాలుక పిడచగట్టింది. "దాహం," అంది.

"నాదీ అదే నేరం," అంటూ గేదె పక్కకు జరిగింది. "రండి. మేకలు తాగాక మీ వంతు."

నక్క తోక ఊపుతూ వెనకే దూరబోయింది. "మరి నేనో?"

"నువ్వు బయటే ఉండు నాయనా. ఇంత కంచెకు కాపలా వద్దూ?"

ఊరందరి చుట్టూ కంచె పెంచేవాడు, నీళ్లు ఏ వైపున మిగిలాయో ముందు చూసుకోవాలి.